మట్టి కరవడం

మట్టి కరవడం అంటే ఓడిపోవడం. పోటీలోనో పోరులోనో పంతంలోనో ఎదుటివాడి చేతిలో చిత్తుగా దెబ్బతిన్నవాణ్ని గురించి తెలుగులో ఈ జాతీయం వాడతారు. గెలిచినవాడు మట్టి కరిపిస్తాడు, ఓడినవాడు మట్టి కరుస్తాడు. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతమైన ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఇదే మాట ‘మన్ను బుక్కుడు’గా వినిపిస్తుంది. ఓటమిని తినడంతోనో తాగడంతోనో వండడంతోనో చెప్పే పలుకుబడులు తెలుగులో ఒక కుటుంబంగా ఉన్నాయి. గడ్డి కరవడం, మూడు చెరువుల నీళ్లు తాగడం, పప్పులు ఉడకకపోవడం, నీళ్లు నమలడం, ఓటమి చవిచూడడం ఆ కుటుంబంలోవే. ఇంగ్లీషులోని ‘ఈట్ హంబుల్ పై’, ‘ఈట్ క్రో’, ‘బైట్ ద డస్ట్’ కూడా ఈ కోవకే చెందుతాయి.

వీటిలో చాలావాటికి ఒక సామాన్య లక్షణం ఉంది. ఓడినవాడి నోటికి అందేది మనిషి తినే అన్నం కాదు. మన్ను ఎవరి తిండీ కాదు. గడ్డి పశువు మేత. చెరువు నీళ్లు దాహానికే గాని కడుపు నింపవు. ఉడకని పప్పు తిండి కాకుండానే ఆగిపోతుంది. నోటికాడి బుక్క పోవడం ఎంత పెద్ద నష్టమో తెలిసిన కరువు నేలలో ఈ మాటలకు పదును ఎక్కువ.

ప్రాంతం, మాండలికం

మహబూబ్‌నగర్ పాత పేరు పాలమూరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట 1890లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. నల్గొండకు నీలగిరి అనే పాత పేరుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనతో నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. 2019లో నారాయణపేట మరో జిల్లా అయింది. ఈ నేలలో ఎక్కువ భాగం ఎర్ర చెలక, అక్కడక్కడ నల్లరేగడి. సగటు వర్షపాతం పాలమూరు వైపు సుమారు 600, నల్గొండ వైపు సుమారు 750 మిల్లీమీటర్లు. జొన్న, సజ్జ, కంది, ఆముదం ఇక్కడి పాత మెట్టపంటలు. జొన్న గటక, అంబలి, సద్ది పాత తిండి.

భద్రిరాజు కృష్ణమూర్తి చేసిన మాండలిక విభజనలో ఈ జిల్లాలు ఉత్తర మండలంలోకి, అంటే తెలంగాణ మాండలికంలోకి వస్తాయి. పనిని చెప్పే నామవాచకాలు ఇక్కడ ‘-ఉడు’తో ముగుస్తాయి. తినడం ‘తినుడు’ అవుతుంది, తాగించడం ‘తాపుడు’ అవుతుంది. పాలమూరు పడమటి అంచు కన్నడ సీమను, దక్షిణపు అంచు కృష్ణ, తుంగభద్రలకు అవతలి రాయలసీమను తాకుతుంది. నిజాం రాజ్యంలో 1880ల నడుమ వరకు పారసీ, ఆ తరువాత 1948 దాకా ఉర్దూ అధికార భాషలు. అందువల్ల ఇక్కడి నుడికారానికి ఒకవైపు కన్నడం, మరొకవైపు దక్కనీ ఉర్దూ ఇరుగుపొరుగు.

మాట రూపాలు

‘మట్టి కరచు’ అకర్మకంగా నడిచే జాతీయం. ‘మట్టి కరిపించు’ దాని ప్రేరణ రూపం. పత్రికల్లో రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. ఆట ఏదైనా, ఎన్నిక ఏదైనా, గెలిచిన జట్టో పార్టీయో ప్రత్యర్థికి మట్టి కరిపించిందని శీర్షిక పడుతుంది. ఊళ్లో మాట్లాడుకునేటప్పుడు దృష్టి ఓడినవాడి మీద ఉంటుంది. ‘సర్పంచికి నిలవడి మన్ను బుక్కిండు’ అనడం అలాంటిదే.

‘బుక్కు’ అనే క్రియకు ఈ ప్రాంతంలో ప్రత్యేకమైన అర్థం ఉంది. అన్నాన్ని ‘తింటారు’. పేలాలు, పుట్నాలు, సత్తుపిండి లాంటి పొడి తిండిని మాత్రం అరచేతిలో పోసుకుని, తల కొద్దిగా వెనక్కి వంచి నోట్లో వేసుకుంటారు. అదే బుక్కడం. ‘బుక్క’ అంటే ఒక్కసారి నోట్లో పట్టేంత. బతుకమ్మ ఆట ముగిశాక పంచిపెట్టే సత్తుపిండిని అందరూ ఇలాగే బుక్కుతారు. ఎండాకాలం చెలకల్లో లేచే మెత్తని మట్టిని ఇక్కడ ‘దుబ్బ’ అంటారు. అది కూడా చేతికి సత్తుపిండిలాగే తగులుతుంది. ‘మన్ను బుక్కుడు’లో హేళన ఈ పోలిక నుంచే పుడుతుంది. పండుగపూట పిండి నిండవలసిన పిడికిట్లో దుబ్బ మిగిలిందని దాని భావం.

ఈ మాటకు దగ్గరగా ఉండి వేరే అర్థమిచ్చేవి కొన్ని ఉన్నాయి. ‘నోట్లో మట్టి కొట్టడం’ అంటే ఓడించడం కాదు, బతుకుతెరువు చెడగొట్టడం. ‘నీ నోట్లె మన్నువడ’ అన్నది తిట్టు, చావు కోరే శాపనార్థం. పూడ్చిపెట్టేటప్పుడు అయినవాళ్లు తలా పిడికెడు మన్ను వేసే ఆచారం ఆ శాపం వెనుక ఉంది. అయితే మన్ను ఎప్పుడూ అవమానానికే గుర్తు కాదు. చెరువుకట్టలు, కాలువలు, ఆనకట్టల మట్టిపనికి దేశమంతా తిరిగిన ‘పాలమూరు లేబర్’కు మన్ను మోయడమే బతుకుతెరువు. నెత్తిన మోస్తే కూలి, నోట్లో పడితే ఓటమి.

పుట్టుక

మట్టి కరవడానికి మూలం కుస్తీ అని చాలామంది అనుకుంటారు. తెలంగాణ పట్టణాల్లో కుస్తీ నేర్పే చోటును తాలీం అంటారు, నేర్పేవాణ్ని వస్తాదు అంటారు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడ సరిహద్దు ఊళ్ల జాతరల్లో మట్టి కుస్తీ నేటికీ ఉంది. గోదాలో మెత్తగా తవ్విన ఎర్రమట్టి పోస్తారు. అందులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి గుల్ల చేస్తారు. పహిల్వాన్ దిగేముందు ఆ మట్టిని కళ్లకద్దుకుంటాడు, పట్టు జారకుండా ఎదుటివాడి ఒంటికి పూస్తాడు. ఆట నియమం ప్రకారం ఓటమి నోటికి సంబంధించింది కాదు, వీపుకు సంబంధించింది. రెండు భుజాలూ నేలకు ఆనేలా వెల్లకిలా పడినవాడు ‘చిత్’ అయినట్టు. ‘చిత్తుగా ఓడించడం’ అనే మాటకు తగిన చోటు ఇదే. మట్టి కరవాలంటే మనిషి బోర్లా పడాలి. ‘బొక్కబోర్లా పడడం’ అనే మరో ఓటమి మాటలో ఉన్నది ఆ భంగిమే. కాబట్టి మట్టి కరవడంలోని బొమ్మ గోదా నియమానికన్నా యుద్ధభూమికి దగ్గర. దెబ్బ తగిలి ముందుకు కూలినవాడి నోరు నేలను తాకుతుంది.

ప్రపంచ సాహిత్యంలో ఈ బొమ్మ చాలా పాతది. హోమర్ ఇలియడ్ రెండో సర్గలో అగమెమ్నాన్ తన శత్రువులు నేలకొరిగి పళ్లతో మట్టి కరవాలని దేవుణ్ని వేడుకుంటాడు. వర్జిల్ ఈనియడ్‌లో చచ్చేముందు నేల కరచిన మనిషి ప్రస్తావన ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో శత్రువులు ధూళి నాకుతారు. ‘బైట్ ద డస్ట్’ అనే రూపం ఇంగ్లీషులో 18వ శతాబ్ది నడిమికి స్థిరపడింది.

తెలుగు మాట ఇంగ్లీషు నుంచి దిగుమతి అయిందని అనుకోవడానికి ఆధారం లేదు. చుట్టుపక్కల భాషల్లో దీనికి తోబుట్టువులున్నాయి. కన్నడంలో ‘మణ్ణు ముక్కిసు’ అంటే మట్టి తినిపించి ఓడించడం. తమిళంలో ‘మణ్ణై కవ్వు’ అంటే మట్టిని నోట కరవడం. హిందీ, ఉర్దూల్లో ‘ధూల్ చటానా’ అంటే ధూళి నాకించడం. కన్నడ, తెలుగు మాటలు అర్థంలోనే కాక కట్టుబడిలోనూ ఒకటే. రెండింటిలోనూ గెలిచినవాడు కర్త, మట్టి కర్మ, తినిపించడమో కరిపించడమో క్రియ.

గడ్డి కరవడం

గడ్డి కరవడం లొంగుబాటుకు గుర్తు. ఇది ఒకప్పుడు ఉత్త మాట కాదు, నిజంగా పాటించిన ఆచారం. మహాభారతం శాంతిపర్వంలో యుద్ధధర్మం చెప్పే చోట ముసలివాళ్లు, పిల్లలు, స్త్రీలతో పాటు నోట గడ్డి పెట్టుకున్నవాణ్ని, నేను నీవాణ్నని అన్నవాణ్ని చంపకూడదని ఉంది. గడ్డి నోట పెట్టుకుంటే తాను ఆవులాంటి సాధుజంతువునని, చంపదగనివాణ్నని చెప్పుకోవడమే. పాత తెలుగులో దీన్ని ‘పూరి గఱచు’ అన్నారు. పూరి అంటే గడ్డి. పూరిల్లు, పూరి గుడిసె అనే మాటల్లో నేటికీ మిగిలింది ఆ పూరే. హిందీలో పళ్ల మధ్య గడ్డిపరక పట్టడం అనే జాతీయం ఇదే ఆచారం నుంచి వచ్చింది.

రోమన్లకూ ఇలాంటి మర్యాద ఉండేది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు గడ్డి అందించడం ప్రాచీనుల్లో విజయానికి పరమ చిహ్నమని ప్లినీ తన ప్రకృతి చరిత్ర 22వ సంపుటంలో రాశాడు. నేలను, దాని మీద మొలిచేదాన్ని అప్పగించడం అందులోని అర్థం. పారసీక చక్రవర్తులు లొంగిన రాజ్యాల నుంచి మట్టి, నీళ్లు అడిగేవారని హెరొడోటస్ చెబుతాడు. మన్ను, గడ్డి, నీళ్లు మూడూ ఈ విధంగా తెలుగు నాటికి బయట కూడా ఓటమికి గుర్తులుగా నిలిచాయి.

నేటి వాడుకలో గడ్డి అర్థం కొంత జరిగింది. ‘గడ్డి పెట్టడం’ అంటే ఓడించడం కన్నా బుద్ధి వచ్చేలా చీవాట్లు పెట్టడం. ‘గడ్డి తినడం’ అంటే తప్పుడు పనికి దిగడం, ముఖ్యంగా లంచం మేయడం. లొంగుబాటు గుర్తు సిగ్గుమాలినతనానికి గుర్తుగా మారింది. రెండింటికీ మధ్య వంతెన పశువే. మనిషి మనిషిలా ఉండకపోతే వాడి నోటికి తగింది గడ్డే అని మాట.

మూడు చెరువుల నీళ్లు

‘ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించడం’ అంటే ఎదుటివాణ్ని అలసిపోయేదాకా ఏడిపించి లొంగదీయడం. మట్టి కరవడంలో ఓటమి ఒక్క క్షణంలో జరుగుతుంది. ఇందులో అది సాగి సాగి వస్తుంది. ‘ముప్పుతిప్పలు’, ‘మూడు’ అనే మాటల తొలి అక్షరాల పొందిక ఈ జాతీయాన్ని నోట నిలిపింది. తెలంగాణ మాటలో ఇది ‘మూడు చెర్వుల నీళ్లు తాపుడు’. తాపు అంటే తాగేలా చేయడం. దూడకు పాలు తాపుతారు, ఎడ్లకు నీళ్లు తాపుతారు. మనిషికి నీళ్లు తాపడంలో చిన్నచూపు అక్కడి నుంచే వస్తుంది. హిందీలో ‘పానీ పిలానా’, కన్నడంలో ‘నీరు కుడిసు’ అన్నవి కూడా ఓడించడమనే అర్థంలో వాడతారు. తెలుగు మాట చెరువులను కూడా లెక్కపెడుతుంది.

చెరువుల నాడు కావడంతో ఈ ప్రాంతంలో ఆ బొమ్మ కంటిముందే ఉంటుంది. వాలు వెంట ఒకదాని అలుగు మరొకదాన్ని నింపేలా కట్టిన గొలుసుకట్టు చెరువులు కాకతీయుల నాటి నుంచి తెలంగాణ సేద్యానికి ఆధారం. నల్గొండ పక్కన పానగల్లు దగ్గర కందూరు చోడుల నాటి ఉదయసముద్రం ఉంది. వనపర్తి సంస్థానంలోని శ్రీరంగాపురం గుడిని ఆనుకుని రంగసముద్రం ఉంది. ఎండాకాలంలో ఒక చెరువు ఎండితే పశువులను మరో చెరువుకు తోలుకుపోవడం కాపరులకు అలవాటు. నీళ్ల కోసం ఒక చెరువు నుంచి మరో చెరువుకు నడవడమంటే ఆ నాట్లో ఉత్త తిరుగుడు కాదు, తిప్పలే.

నీళ్లకూ ఓటమికీ ఇక్కడ మాటల్లోనే కాదు, చరిత్రలోనూ ముడి పడింది. నల్గొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి తరాల తరబడి వేల మంది ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే ఉంది. కృష్ణా నీళ్లు కావాలన్న డిమాండుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి మూకుమ్మడిగా నామినేషన్లు పడ్డాయి. మొత్తం 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. చివరకు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. 477 మందికి డిపాజిట్ దక్కలేదు. మామూలు లెక్కలో అంతమంది మట్టి కరిచినట్టే. అయితే వారిలో చాలామంది గెలవడానికి నిలబడినవాళ్లు కారు కాబట్టి ఆ మాట వారికి వర్తించదు. ఆ ఏడాదే చట్టం సవరించి సాధారణ లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. యంత్రాంగానికి మూడు చెరువుల నీళ్లు తాపినవాళ్లు తాగడానికి మంచినీళ్లు లేనివాళ్లు కావడం ఆ ఎన్నిక విశేషం.

నీళ్లతో మరో జాతీయం ‘నీళ్లు నమలడం’. అడిగినదానికి జవాబు లేక తడబడడం దీని అర్థం. నమలడానికి నీళ్లలో ఏమీ ఉండదు, అయినా దవడలు ఆడుతూనే ఉంటాయి. వాదంలో ఓడిపోతున్నవాడి ముఖానికి ఇంతకన్నా దగ్గరి బొమ్మ లేదు. పూర్తిగా ఇరుక్కున్నవాడు ‘మింగలేక కక్కలేక’ ఉంటాడు.

పప్పులు ఉడకకపోవడం, కుడితిలో పడడం

‘నీ పప్పులు ఇక్కడ ఉడకవు’ అంటే నీ ఎత్తులు మా దగ్గర పారవని. తెలంగాణలో ‘నీ పప్పులు మా తాన ఉడుకయ్’ అంటారు. ఇది ఓటమి జరగకముందే చెప్పే మాట, ఎదుటివాడికి ముందుగా చేసే హెచ్చరిక. హిందీలో ‘దాల్ గల్‌నా’, తమిళంలో ‘పరుప్పు వేగాదు’, కన్నడంలో ‘బేళె బేయల్ల’ అన్నవి దీనికి సరిజోళ్లు. దేశంలో చాలా వంటిళ్లకు తెలిసిన కష్టం కాబట్టి ఇన్ని భాషల్లో ఒకే జాతీయం నిలిచింది.

కంది పండే ఊళ్లో ఈ కష్టం మరీ బాగా తెలుసు. ఉమ్మడి మహబూబ్‌నగర్ పడమటి భాగం, దాని పొరుగున ఉన్న తాండూరు కందికి పేరుపడ్డాయి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పప్పు ఉడకకపోవడానికి కారణం ఎక్కువగా నీళ్లే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠినజలంలో గింజలోని పెక్టిన్ కరగదు, ఇంకా బిగుసుకుంటుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పప్పు కూడా అంతే. పొయ్యిలో కందికట్టె ఎంతసేపు మండినా కుండలో నీళ్లు పైన తేటగా, బద్దలు అడుగున విడివిడిగా మిగిలిపోతాయి. పప్పుగుత్తి పెట్టి ఎనిపినా పలుకు పోదు. ఒకే ఊళ్లో ఒక బాయి నీళ్లకు మెత్తగా ఉడికే పప్పు మరో బాయి నీళ్లకు ఉడకదు. జాతీయంలో ‘ఇక్కడ’ అనే మాటకు ఉన్న బలం ఇదే. పప్పు మంచిదే కావచ్చు, చోటు దానికి అనుకూలం కాదు.

‘కుడితిలో పడ్డ ఎలుక’ అన్నది ఓటమి అంచున కొట్టుకునేవాడికి పోలిక. బియ్యం కడుగు, గంజి, తవుడు, మిగిలిన అన్నం కలిపి పశువులకు పెట్టేదే కుడితి. తెలంగాణలో దాన్ని ‘కుడిది’ అంటారు. వాకిట్లో కొట్టం పక్కన మెడలోతు పూడ్చిన గోలెంలో అది రోజంతా పులుస్తుంది. మెతుకుల ఆశతో రాత్రిపూట ఎలుక అంచు దాకా వస్తుంది. గోలెం లోపలి గోడ నున్నగా, జిగటగా ఉంటుంది. పడితే ఎక్కలేదు, మునగడానికీ కొంతసేపు పడుతుంది. చుట్టూ ఉన్నదంతా తిండే, తినే స్థితి మాత్రం కాదు. ఆశకు పోయి ఇరుక్కున్నవాడికి ఈ పోలిక బాగా నప్పుతుంది.

‘తిను’ అనే క్రియ

ఓటమిని తిండితో చెప్పడం తెలుగులో జాతీయాలకే పరిమితం కాదు, వ్యాకరణంలోనే ఉంది. దెబ్బలు కొట్టినవాడు ఒకడు, ‘తిన్న’వాడు మరొకడు. తన్నులు, తిట్లు, చీవాట్లు, మొట్టికాయలు అన్నీ తినేవే. ‘ఎదురుదెబ్బ తినడం’ రాజకీయ వార్తల్లో నిత్యం కనిపించే మాట. ఇక్కడ ‘తిను’ అంటే అనుభవించడం. సంస్కృతంలో ‘భుజ్’ ధాతువు నుంచే భోజనం, భోగం, అనుభోగం పుట్టాయి. తినడానికి, అనుభవించడానికి అక్కడా ఒకటే వేరు. ‘ఓటమి చవిచూడడం’ కూడా ఈ వరసదే. పత్రికలు ఓటమి వార్తల్లో దీన్ని తరచూ వాడతాయి.

పారసీలో ఓడిపోవడాన్ని ‘షికస్త్ ఖోర్దన్’ అంటారు. మాటకు మాట చూస్తే ఓటమి తినడం. ఉర్దూలో అదే ‘షికస్త్ ఖానా’. దెబ్బలు తినడం ‘మార్ ఖానా’, చిత్తుగా ఓడడం ‘ముహ్ కీ ఖానా’. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు నడిచిన నిజాం నాటి తాలూకా పట్టణాల్లో రెండు భాషలూ ఒకే ఊహను పంచుకున్నాయి. ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకోవలసిన అవసరం లేకుండానే ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేది.

ఇంగ్లీషు జాతీయాలతో పోలిక

‘ఈట్ హంబుల్ పై’ అంటే తన తప్పు ఒప్పుకుని తల వంచడం. దీని పుట్టుకలో రెండు వేరువేరు మాటలు కలిసిపోయాయి. దుప్పి లోపలి అవయవాలను, అంటే గుండె, కాలేయం, పేగులను పాత ఇంగ్లీషువాళ్లు ‘నంబుల్స్’ అనేవారు. పాత ఫ్రెంచి ద్వారా వచ్చిన ఆ మాటకు మూలం నడుము మాంసాన్ని చెప్పే లాటిన్ పదం. కాలక్రమంలో మొదటి నకారం రాలిపోయి ‘అంబుల్స్’ అయింది. వాటిని పిండి పొరలో పెట్టి కాల్చిన వంటకం అంబుల్ పై. 1660లలో శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో దాన్ని తిన్నట్టు రాసుకున్నాడు. వేటలో మంచి మాంసం దొరలకు పోతే ఈ వంటకం కింది బల్లల వాళ్లకు దక్కేదని తరచూ చెబుతారు. పీప్స్ లాంటి ప్రభుత్వోద్యోగి కూడా ఇష్టంగానే తిన్నాడు కాబట్టి అది మరీ హీనమైన తిండి కాదు.

వినయాన్ని చెప్పే ‘హంబుల్’ వేరే మాట. దాని మూలం లాటిన్‌లో నేల, మట్టి అనే అర్థమున్న ‘హ్యూమస్’. చాలా మాండలికాల్లో హకారం పలకని ఇంగ్లీషులో రెండు మాటలూ ఒకేలా వినిపించాయి. ఆ శ్లేష జాతీయమైంది. 1830లో వెలువడిన రాబర్ట్ ఫోర్బీ తూర్పు ఆంగ్లియా పదకోశంలో ఇది నమోదైంది. 1849–50లో వచ్చిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నవలలో డికెన్స్ ఈ శ్లేషను యూరియా హీప్ నోట పలికించాడు. విడదీసి చూస్తే హంబుల్ పై అడుగున ఉన్నది కూడా మట్టే.

‘ఈట్ క్రో’ అమెరికా మాట, 19వ శతాబ్ది నడిమిది. గొప్పలు చెప్పుకుని చివరకు కాకి మాంసం తినాల్సి వచ్చినవాడి కథ 1850లలో అక్కడి పత్రికల్లో ప్రచారమైంది. 1812 యుద్ధంలో పుట్టిందని చెప్పే కథ తరువాతి కల్పన. తెలుగు ఇంట కాకి తిండి తినే పక్షి, తినే మాంసం కాదు. చనిపోయినవారికి పెట్టిన ముద్దను పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు ఎదురుచూస్తారు. అందుకే ఈ జాతీయాన్ని మాటకు మాట తెలుగు చేస్తే ఓటమి అర్థం అందదు.

‘కుక్ వన్స్ గూస్’ అంటే ఒకరి పని పట్టడం, పథకం చెడగొట్టడం. 1851 నాటి లండన్ వీధిపాటలో ఇది కనిపిస్తుంది. దీని మూలమని కొందరు చెప్పే స్వీడన్ రాజు ఎరిక్ ముట్టడి కథకు ఆధారం లేదు. తెలుగు జాతీయంతో పోలిస్తే ఇందులో తమాషా ఉంది. బాతు ఉడికితే ఇంగ్లీషులో ఓటమి, పప్పు ఉడకకపోతే తెలుగులో ఓటమి. పెంచుకున్న బాతు సొంతదారు ఆస్తి, మరొకరు దాన్ని వండేస్తే నష్టం. పొయ్యి మీది పప్పు సొంతదారు ప్రయత్నం, అది ఉడకకపోతే నష్టం.

ఇంగ్లీషు చదువు ద్వారా ఈ వర్గంలో తెలుగులో గట్టిగా స్థిరపడినది ‘అందని ద్రాక్ష పుల్లన’. మూలం ఈసప్ నక్క కథ. ఓటమిని ఒప్పుకోని ఓటమిని చెప్పడానికి దీనికి సాటి లేకపోవడంతో బడి పుస్తకాల నుంచి వాడుకలోకి దిగింది. హంబుల్ పై అలా దిగలేదు. తప్పు ఒప్పుకోవడానికి తెలుగులో ముందే సొంత మాటలున్నాయి. అవి తిండితో కాకుండా ఒంటితో ముడిపడ్డవి: లెంపలేసుకోవడం, ముక్కు నేలకు రాయడం, నాలిక కరచుకోవడం.

సేకరణ, నేటి వాడుక

తెలుగు సామెతలను పెద్ద ఎత్తున అచ్చు వేసిన తొలి పుస్తకాల్లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో తెచ్చిన సంకలనం ముఖ్యమైనది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలను, సామెతలను తవ్వి తిండి, ఆటలు, ఆచారాల చరిత్ర రాశారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. వ్యవసాయపు మాటలతో 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వెలువడింది. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం ఈ ప్రాంతపు పలుకుబడులకు అచ్చులో చోటిచ్చింది.

కుడితి గోలేలు తగ్గిపోయాయి, ప్రెషర్ కుక్కర్‌లో పప్పు ఉడకకపోవడం అరుదు, కుస్తీ చాలాచోట్ల పరుపుల మీదికి మారింది. జాతీయాలు మాత్రం పత్రికల్లో, ఎన్నికల సభల్లో, క్రికెట్ వ్యాఖ్యానంలో నిలిచే ఉన్నాయి. వాటి మధ్య తేడా కూడా చెక్కుచెదరలేదు. ఒక్క దెబ్బకు పడినవాడు మట్టి కరుస్తాడు. తిప్పలు పడి అలసినవాడు మూడు చెరువుల నీళ్లు తాగుతాడు. లొంగినవాడు గడ్డి కరుస్తాడు. ఎత్తు పారనివాడి పప్పులు ఉడకవు. అనువదించేవారికి ‘బైట్ ద డస్ట్’కు సరిజోడు మట్టి కరవడం. ‘ఈట్ హంబుల్ పై’కి సరిజోడు లెంపలేసుకోవడం.